రాత్రిపూట పిక్క పట్టేస్తే

నిద్రలో ఉన్నట్టుండి పిక్క పట్టేసి రాయిలా బిగుసుకుంటే, కంగారుపడి పిసికే ముందు ఇది చేయండి. మోకాలు తిన్నగా చాపి, కాలి వేళ్లను మెల్లగా మీవైపు లాక్కోండి. చెయ్యి అందకపోతే పాదానికి తువ్వాలు వేసి లాగండి. అర నిమిషం అలాగే పట్టుకుంటే కండ వదులవడం చేతికే తెలుస్తుంది.

నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతే, కండ లోపల కాల్షియం బయటికొచ్చి, సన్నటి పోగులు ఒకదాని మీదుగా ఒకటి జారి కండ ముడుచుకుంటుంది. పట్టేసినప్పుడు నరం ఈ సంకేతాన్ని ఆపకుండా పంపుతూనే ఉంటుంది. మనం సాగదీస్తే టెండన్‌లో (కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగంలో) బిగువును పసిగట్టే గ్రాహకాలు వెన్నుపాముకి కబురు పంపి ఆ సంకేతాన్ని తగ్గిస్తాయి. మా అమ్మ చేత పడుకునే ముందు కూడా ఇదే చేయిస్తున్నాను.

ఒక్క కాలే వాచి, వేడిగా ఉంటే మాత్రం లాగొద్దు. వెంటనే డాక్టర్‌కి చూపించండి.