డెబియన్ 12కి మారాక వైఫై పోయింది, ఇలా సరిచేశా

బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా ఆఫీసులో టెస్టింగ్‌కి నాలుగు పాత ల్యాప్‌టాప్‌లున్నాయి, అన్నీ డెబియన్ 11 (డెబియన్ అంటే ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్). ప్యాకేజీలు ఎక్కడి నుంచి దించాలో చెప్పే సోర్సెస్ ఫైల్లో బుల్స్‌ఐ (11 పేరు) అని ఉన్న చోటల్లా బుక్‌వర్మ్ (12 పేరు) అని మార్చి, ఆప్ట్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) అప్‌డేట్ తర్వాత ఫుల్ అప్‌గ్రేడ్ కొట్టా, మొదటి మెషిన్ సాఫీగానే అయింది. తర్వాత రిపోజిటరీలో (ప్యాకేజీలు దించుకునే చోటు) లేని పాత ప్యాకేజీలు తీసేద్దామని పర్జ్ కొట్టి రీబూట్ చేస్తే వైఫై మాయం!

డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూస్తే ఇంటెల్ వైఫై కార్డుకి ఫర్మ్‌వేర్ (కార్డు పనిచేయడానికి దానిలోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) దొరకట్లేదని వరసగా ఎర్రటి లైన్లు. విషయమేంటంటే 11 వరకు ఈ ఫర్మ్‌వేర్ రిపోజిటరీలోని నాన్-ఫ్రీ అనే విభాగంలో ఉండేది, 2023 జూన్‌లో వచ్చిన 12లో దాన్ని నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని విడగొట్టారు, నా ఫైల్లో ఆ పేరు లేదు కాబట్టి ఆప్ట్ లెక్కలో ఆ ప్యాకేజీ ఏ రిపోజిటరీలోనూ లేనట్టే, పర్జ్‌లో అదీ కొట్టుకుపోయింది. తీసేసే లిస్టులో దాని పేరు ఉంది, నేను చదవకుండా వై నొక్కేశా, చాలా బాధేసింది.

"నెట్టే లేకపోతే ప్యాకేజీ ఎట్లా దించేది అన్నా" అంటే మా టీంలో చిత్తూరు అన్న "ఫోన్‌కి కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్ రా" అన్నాడు. వెంటనే నెట్ వచ్చింది. ఫైల్లో మెయిన్ పక్కన నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ చేర్చి, అప్‌డేట్ కొట్టి, ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యుఎల్‌వైఫై (ఇంటెల్ వైఫై ఫర్మ్‌వేర్ ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేస్తే వైఫై వచ్చేసింది.

మిగతా మూడింటికీ ఆ పేరు ముందే చేర్చా, బయటి రిపోజిటరీలన్నీ అప్‌గ్రేడ్ అయ్యేదాకా ఆపేసి ఉంచా. మూడూ ఒకే సాయంత్రంలో అయిపోయాయి.