ఐటీ కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపే ప్రకటనలను సొంతంగా చదవడం ఎలా?

టీవీ స్క్రోలింగ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో కనిపించే కంపెనీ వార్తల్లో చాలావాటికి మూలం ఆ కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపిన ఒక పీడీఎఫ్. దాన్ని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. లాగిన్ అక్కర్లేదు, డీమ్యాట్ ఖాతా కూడా అక్కర్లేదు. అయినా ఏళ్ల తరబడి ఐటీ షేర్లు పెట్టుకున్నవాళ్లు కూడా దాని జోలికి వెళ్లరు. అందులో భాష కష్టంగా ఉంటుందని భయం. నిజానికి ఏ పేజీలో ఏం వెతకాలో తెలిస్తే అరగంట పని. నేను గట్టిగా చెప్పేది ఒకటే: కొత్త ప్రకటనను ఒంటరిగా చదవకండి, పాతదాన్ని పక్కన పెట్టుకుని చదవండి. ఏం మారిందో అదే అసలు వార్త.

1. కాగితాన్ని ఎక్స్ఛేంజీ నుంచే తీసుకోండి

బీఎస్ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు గానీ, స్క్రిప్ కోడ్ (బీఎస్ఈ ఆ షేరుకు ఇచ్చిన అంకె) గానీ కొట్టండి. ఇన్ఫోసిస్‌కి 500209, టీసీఎస్‌కి 532540, హైదరాబాద్ కంపెనీ సైయెంట్‌కి 532175. కంపెనీ పేజీలో 'కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్' అనే చోట ప్రకటనలన్నీ తేదీ, సమయంతో సహా వరుసగా ఉంటాయి. ఎన్ఎస్ఈలోనూ ఇలాగే దొరుకుతాయి. ఫార్వర్డ్‌లో వచ్చిన పీడీఎఫ్‌ని నమ్మకండి, అది నిజంలా కనిపించినా సరే.

2. ఏది ఎప్పటికి రావాలో తెలుసుకోండి

లిస్టెడ్ కంపెనీలు ఏం చెప్పాలి, ఎప్పటిలోగా చెప్పాలి అన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన ఎల్ఓడీఆర్ (లిస్టింగ్ బాధ్యతలు, వెల్లడి) నిబంధనల్లో ఉంది. త్రైమాసిక ఫలితాలు 45 రోజుల్లో, ఆర్థిక సంవత్సరం మొత్తం ఫలితాలు 60 రోజుల్లో రావాలి. ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో చెప్పే పట్టిక త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో రావాలి.

ఇవి కాక, షేరు ధర మీద ప్రభావం చూపగల సంఘటనలకు 30వ నిబంధన ఉంది. బోర్డు సమావేశంలో తీసుకున్న నిర్ణయమైతే సమావేశం ముగిసిన 30 నిమిషాల్లో చెప్పాలి. ట్రేడింగ్ వేళలు దాటాక ముగిస్తే మూడు గంటల సమయం ఉంటుంది. కంపెనీ లోపల పుట్టిన ఇతర విషయాలకు 12 గంటలు, బయటి నుంచి వచ్చిన వాటికి 24 గంటలు గడువు. మార్కెట్ విలువలో మొదటి 250 కంపెనీలకైతే ఇంకో బాధ్యత కూడా ఉంది. ప్రధాన మీడియాలో వచ్చిన పుకారు వల్ల షేరు ధర గణనీయంగా కదిలితే, అది నిజమో కాదో 24 గంటల్లో చెప్పాలి.

గడువు దాటిందంటే మోసం జరిగిందని కాదు. కానీ ఎందుకు ఆలస్యమైందో కారణం వెతకాల్సిందే.

3. నోటీసులు, కేసుల ప్రకటనల్లో 'ఏ దశ' అన్నది ముందు చూడండి

టెన్షన్ ఎక్కువగా పుట్టించేవి ఇవే. ఒక ఉదాహరణ చూద్దాం. విదేశీ శాఖల ఖర్చులకు సంబంధించి రూ.32,403 కోట్ల జీఎస్టీ విషయంలో కర్ణాటక అధికారుల నుంచి ప్రీ షోకాజ్ నోటీసు వచ్చిందని 2024 జులై 31న ఇన్ఫోసిస్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. అది 2017 జులై నుంచి 2022 మార్చి వరకు ఉన్న కాలానికి. 2023-24లో ఆ కంపెనీ నికర లాభం రూ.26,233 కోట్లు. అంటే ఏడాది లాభం కంటే పెద్ద మొత్తం. హెడ్డింగ్ చదివినవాళ్లకు గుండె ఆగినంత పనైంది.

ప్రకటన తెరిచి చదివితే మాత్రం 'ప్రీ షోకాజ్' అన్న మాట దగ్గర ఆగుతాం. అది పన్ను కట్టమన్న ఉత్తర్వు కాదు, 'ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పండి' అని అడిగే షోకాజ్ నోటీసు కూడా కాదు, దానికి ముందు మెట్టు. ఆ తర్వాతి ప్రకటనలను వరుసగా చూడండి. మర్నాడే కర్ణాటక అధికారులు నోటీసు ఉపసంహరించుకుని, కేంద్ర జీఎస్టీ ఇంటెలిజెన్స్ విభాగానికే జవాబివ్వమన్నారు. ఆగస్టు 3న 2017-18కి చెందిన రూ.3,898 కోట్ల భాగం ముగిసిందని కంపెనీ చెప్పింది. మిగతాది 2025 జూన్‌లో ముగిసింది. హెడ్డింగ్ చూసి భయపడి అమ్మినవాళ్లకూ, కాగితం చదివి ఆగినవాళ్లకూ మధ్య తేడా ఆ ఒక్క మాటే.

దీనికి ఎదురుగా, అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎపిక్ సిస్టమ్స్ టీసీఎస్ మీద వేసిన కేసు పెట్టి చూడండి. 2016 ఏప్రిల్‌లో అమెరికా జ్యూరీ టీసీఎస్‌కు వ్యతిరేకంగా 94 కోట్ల డాలర్ల తీర్పిచ్చింది. పై కోర్టుల్లో ఆ మొత్తం బాగా తగ్గింది, కానీ సున్నా కాలేదు. 2020 సెప్టెంబర్ త్రైమాసికంలో రూ.1,218 కోట్లు, 2023 డిసెంబర్ త్రైమాసికంలో రూ.958 కోట్లు ఖాతాల్లో ఖర్చుగా పడ్డాయి. ఇలాంటి కేసులు ఏళ్ల తరబడి వార్షిక నివేదికలో 'కంటింజెంట్ లయబిలిటీస్' (ముందు ముందు కట్టాల్సి రావచ్చు, రాకపోవచ్చు అనే బాకీలు) అనే నోట్‌లో ఉండిపోతాయి. అక్కడికి వెళ్లి చూసే అలవాటు చేసుకోండి. నోటీసు, షోకాజ్, ఉత్తర్వు, అప్పీలు, తుది తీర్పు: మీ ముందున్న కాగితం వీటిలో ఏ మెట్టు మీద ఉందో రాసుకున్నాకే మొత్తం వైపు చూడండి.

4. ఫలితాల్లో లాభం కంటే ముందు చూడాల్సినవి

ఫలితాల పీడీఎఫ్‌లో రెండు పట్టికలుంటాయి. అనుబంధ సంస్థలన్నీ కలిపిన 'కన్సాలిడేటెడ్' పట్టికనే తీసుకోండి. 'ఎక్సెప్షనల్ ఐటమ్స్' (మామూలుగా రాని, అసాధారణ ఖర్చులు, ఆదాయాలు) అనే వరుసలో ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే, ఆ త్రైమాసిక లాభాన్ని వేరే త్రైమాసికంతో నేరుగా పోల్చకూడదు.

ఐటీ కంపెనీల ఆదాయంలో ఎక్కువ భాగం డాలర్లలో, యూరోల్లో వస్తుంది. రూపాయి పడితే వ్యాపారం పెరగకపోయినా ఆదాయం పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే మారకం రేట్లు మారలేదనుకుని లెక్కేసే 'కాన్‌స్టంట్ కరెన్సీ' వృద్ధి అంకెను పట్టుకోండి. గైడెన్స్ (ఆ ఏడాది ఆదాయం ఎంత పెరుగుతుందన్న అంచనా) ఇచ్చే కంపెనీలు దాన్ని కూడా సాధారణంగా ఈ అంకెలోనే చెబుతాయి. 2024-25కి ఇన్ఫోసిస్ ఏప్రిల్‌లో 1 నుంచి 3 శాతం అంది. జులైలో 3-4, అక్టోబర్‌లో 3.75-4.5, జనవరిలో 4.5-5 శాతానికి పెంచింది. చివరికి వచ్చింది 4.2 శాతం. మొదటి అంచనాతో పోలిస్తే చాలా మెరుగు, చివరి అంచనాతో పోలిస్తే తక్కువ. ఈ కథ ఏ ఒక్క ప్రకటనలోనూ కనిపించదు. వరసగా పేర్చుకుంటేనే కనిపిస్తుంది.

ఉద్యోగుల సంఖ్య, అట్రిషన్ (ఉద్యోగం వదిలి వెళ్లేవారి శాతం), పెద్ద ఒప్పందాల విలువ కూడా నోట్ చేసుకోండి. ఒప్పందం విలువ ఒక్క ఏడాదిలో వచ్చే డబ్బు కాదు, ఒప్పందం కాలమంతా కలిపి వచ్చేది.

5. డబ్బు నిజంగా చేతికి వచ్చిందా?

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ ఎక్స్ఛేంజీలకూ వెళ్లింది. 2008 సెప్టెంబర్ నాటి ఖాతాల్లో రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపగా, అందులో రూ.5,040 కోట్లు లేనేలేవని ఆయన ఆ లేఖలో ఒప్పుకున్నారు. ఆ త్రైమాసికంలో నిర్వహణ మార్జిన్ 24 శాతమని చూపారు. అసలు ఉన్నది 3 శాతం.

కాబట్టి లాభం పక్కన నగదు ప్రవాహాల పట్టిక తెరవండి. వ్యాపారం నుంచి వచ్చిన నగదు, నికర లాభానికి దగ్గరగా ఉందా? క్లయింట్ల నుంచి రావాల్సిన బకాయిలు, ఇంకా బిల్లు వేయని ఆదాయం... ఈ రెండూ కలిపి అమ్మకాల కంటే వేగంగా పెరుగుతున్నాయా? రెండు మూడు త్రైమాసికాలు వరసగా అలా జరిగితే జాగ్రత్తపడండి. చేతిలో ఉన్నాయంటున్న నిల్వల మీద వచ్చిన వడ్డీ, బ్యాంకు రేట్లకు తగ్గట్టుగా ఉందో లేదో కూడా లెక్కేయండి.

ఈ లెక్క ప్రతి మోసాన్నీ పట్టిస్తుందని నేను చెప్పను. సత్యం ఖాతాల్లో లేని వడ్డీని కూడా రూ.376 కోట్లు రావాల్సి ఉన్నట్టు రాశారు. అందుకే ఒక్క పరీక్షతో ఆగకూడదు.

6. ప్రమోటర్లు ఏం చేస్తున్నారో చూడండి

షేర్ల పట్టికలో ప్రమోటర్ల (కంపెనీని పెట్టి, నియంత్రించేవాళ్ల) వాటా, వాళ్లు అప్పు కోసం తాకట్టు పెట్టిన షేర్లు, విదేశీ సంస్థల వాటా, మ్యూచువల్ ఫండ్ల వాటా వేర్వేరుగా ఉంటాయి. తాకట్టు వివరాలు చెప్పడాన్ని సెబీ తప్పనిసరి చేసింది 2009 జనవరిలో, సత్యం దెబ్బ తగిలాకే. అప్పట్లో తాకట్టులో ఉన్న షేర్లను అప్పిచ్చినవాళ్లు అమ్మేయడంతో సత్యం ప్రమోటర్ల వాటా కరిగిపోయింది.

సంబంధిత పక్షాలతో (ప్రమోటర్లు, వాళ్ల బంధువులు, వాళ్ల ఇతర కంపెనీలతో) జరిగిన లావాదేవీల వివరాలు ఆరు నెలలకోసారి ఫలితాలతో పాటు వస్తాయి. దీన్ని దాటేయకండి. 2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మదుపరులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తీసుకుంది. రామలింగరాజు లేఖకు మూడు వారాల ముందే ఆ కాగితం అందరి కళ్ల ముందు ఉంది.

7. ఆడిటర్ మాట, యాజమాన్యం మాట

త్రైమాసిక ఫలితాల వెనక చాలాసార్లు ఆడిటర్ ఇచ్చేది పరిమిత సమీక్ష మాత్రమే. పూర్తి అభిప్రాయం ఏడాది చివర్లో వస్తుంది. అందులో 'క్వాలిఫైడ్' అన్న మాట ఉంటే మంచి అని అర్థం కాదు, అభ్యంతరం ఉందని అర్థం. ఆడిటర్ మధ్యలో రాజీనామా చేస్తే ఆ కారణాల లేఖను పూర్తిగా చదవండి.

ఫలితాల తర్వాత విశ్లేషకులతో జరిగే కాల్ రాతప్రతి ఐదు పనిదినాల్లో వస్తుంది. యాజమాన్యం ప్రసంగాన్ని దాటేసి, నేరుగా ప్రశ్నలకు వెళ్లండి. ఒకే ప్రశ్న రెండు త్రైమాసికాలుగా వస్తున్నా సూటిగా జవాబు రాకపోతే ఆ విషయాన్ని గుర్తు పెట్టుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

ఇన్ఫోసిస్, విప్రో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో కూడా ఉన్నాయి కాబట్టి అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వారి ఎడ్గార్ సైట్‌లో వాటి వార్షిక నివేదిక ఫారం 20-ఎఫ్ ఏటా దొరుకుతుంది. రిస్కుల భాగం అందులో చాలా వివరంగా ఉంటుంది. ఇక్కడ షేరు కొన్నవాళ్లకూ అది పనికొస్తుంది. మీ జీతంలో భాగంగా అమెరికన్ కంపెనీ షేర్లు వస్తుంటే 10-కె (వార్షిక), 10-క్యూ (త్రైమాసిక), 8-కె (ముఖ్య సంఘటనల) ఫారాలు చూడండి.

అనుమానం తీరకపోతే

ప్రకటన కింద సాధారణంగా కంపెనీ సెక్రటరీ పేరు ఉంటుంది. ఏ తేదీ ప్రకటన, ఏ పేజీ, ఏ అంకె అని స్పష్టంగా చెబుతూ ముందు ఆ కార్యాలయానికి మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా సెబీ వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ 21 రోజుల్లో దాని మీద నివేదిక ఇవ్వాలి. ఫిర్యాదుకు ఎక్స్ఛేంజీ నుంచి తీసుకున్న పీడీఎఫ్‌నే జత చేయండి.