పది కిలోమీటర్ల పరుగు, మూడో పాఠం: ఎక్కం చెప్పగలిగేంత వేగం

వారానికి మూడు రోజులు పరుగెత్తితే చాలని పోయిన పాఠంలో చెప్పాను. మంగళవారం, గురువారం అరగంట చొప్పున, ఆదివారం కాస్త ఎక్కువ దూరం. ఈ రెండు వారాలూ అలా చేసినవాళ్ళకి ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. మొదటి పది నిమిషాలు హుషారుగా సాగుతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. అది కాళ్ళలో బలం లేక కాదు, మొదలుపెట్టిన వేగం ఎక్కువ కావడం వల్ల. ఈ పాఠమంతా ఆ వేగం గురించే. పన్నెండు వారాల్లో చెప్పబోయేవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడను.

మాది హిందూపురం. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. మొదటిసారి రేసుకి పేరిచ్చినప్పుడు మా పాపకి ఐదేళ్ళు. పాలు కాచి, బాక్సులోకి కూర చేసి, మా ఆయన నిద్ర లేచాక గానీ నేను గడప దాటడానికి ఉండేది కాదు. పొద్దున దొరికేది నలభై నిమిషాలు. ఆ కాస్త టైమూ వృథా పోకూడదని ప్రతిసారీ ఎంత వేగంగా పోగలిగితే అంత వేగంగా పరుగెత్తేదాన్ని. ఐదో వారానికి పిక్కకు ముందువైపు ఎముక పొడవునా నొప్పి పట్టుకుంది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మూడు వారాలు పరుగు లేదు. రేసు రోజు పొద్దున ఇంట్లోనే ఉండిపోయాను.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పరుగుకి అలవాటుపడతాయి. ఎముకలకీ, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులకీ నెలలు పడుతుంది. ఊపిరి సరే అన్నంత మాత్రాన కాళ్ళు సిద్ధమైనట్టు కాదు. నెమ్మదిగా ఎక్కువసేపు పరుగెత్తుతూ ఉంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం మెరుగవుతుంది. ఈ మార్పుల కోసం ఒళ్ళు హూనం చేసుకోనక్కర్లేదు, ఓపికగా ఎక్కువసేపు కదిలితే చాలు.

మరి ఎంత నెమ్మదిగా? వాచీలో గుండె వేగం చూసుకునేవాళ్ళున్నారు. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందని ఒక లెక్క ఉంది. అది సగటు లెక్క, మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా మామూలే. దాన్ని నమ్ముకుని పరుగెత్తడం నాకు నచ్చదు. నా కొలత ఎక్కం.

పోయినేడాది ఒక ఆదివారం కబ్బన్ పార్కులో దొరికిందిది. ఆదివారాలు అక్కడ వాహనాలను రానివ్వరు కాబట్టి పాప సైకిల్ మీద నా పక్కనే వస్తోంది. మర్నాడు దానికి స్కూల్లో ఏడో ఎక్కం టెస్టు. ఇంగ్లీషులో రెండుసార్లు తప్పింది. తెలుగులో అయితే పాటలా పట్టుబడుతుందని మొదలుపెట్టాను. "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి." చెట్ల నీడలో రోడ్డు చదునుగా ఉన్నంతసేపూ బాగానే సాగింది. కొంచెం ఎత్తు రాగానే అలవాటు కొద్దీ వేగం తగ్గించకుండా ఎక్కాను. "ఏడారులు..." దగ్గర మాట తెగిపోయింది.

"అమ్మా, ఏడారులెంత?" అంది సైకిల్ ఆపకుండానే.

జవాబు నాలుక చివర ఉంది, ఊపిరే లేదు. అడుగులు చిన్నవి చేశాను. నాలుగు విద్యుత్ స్తంభాలు దాటేసరికి "నలభై రెండు, ఏడేళ్ళు నలభై తొమ్మిది" అని ఒకే ఊపిరిలో వచ్చేసింది. ఆ పూట ఆరు కిలోమీటర్లూ అదే వేగంతో ముగించాను. ఇంటికొచ్చాక పడుకోవాలనిపించలేదు. పాపకి తలంటు పోసి, వంట చేసి, మధ్యాహ్నం మామూలుగా ఉన్నాను. తల్లిదండ్రులం కదా, ఆదివారం పరుగెత్తి వచ్చి సోఫాలో పడిపోతే ఇంట్లో ఎన్నాళ్ళో సాగనివ్వరు. సాగనివ్వకపోవడం న్యాయం కూడా.

ఇక కొలత. "ఏడు రెళ్ళు పద్నాలుగు" అంటే ఒక మెట్టు. ఒక ఊపిరిలో ఎక్కం రెండు మెట్లు హాయిగా చెప్పగలిగితే మీ వేగం సరిపోయినట్టే. ఒక్క మెట్టుకే ఊపిరి అయిపోతుంటే తగ్గించండి. మెట్టు మధ్యలో మాట తెగితే నడవండి, మాట తిరిగొచ్చేదాకా. గట్టిగా చెప్పాలి, మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. చుట్టూ మనుషులున్నారని మొహమాటమైతే ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి, ఎవరూ పట్టించుకోరు.

ఈ వేగం మొదట్లో మరీ నత్తనడకలా అనిపిస్తుంది. నేను రేసులో పది కిలోమీటర్లు 75 నిమిషాల్లో ముగిస్తాను, అంటే కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు. ఆదివారం పరుగు మాత్రం కిలోమీటరుకి తొమ్మిది నిమిషాలకి దగ్గరగా ఉంటుంది. వేగంగా నడిచే పెద్దాయనలు పక్కనుంచి దాటిపోతారు, పోనివ్వండి. అడుగు ముందుకు చాచకుండా ఒంటి కిందే పడేలా చిన్నగా వేస్తే ఇంత నెమ్మదిలోనూ పరుగు పరుగులాగే ఉంటుంది. అదీ కుదరకపోతే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అలసిపోయాక కాకుండా, మొదటి నిమిషం నుంచీ ఇదే వరుస.

ఇప్పుడు పిల్లలున్నవాళ్ళందరికీ వచ్చే ఇబ్బంది. పాపకి రాత్రంతా జ్వరం, మంగళవారం పరుగు పోయింది. గురువారం స్కూల్ మీటింగ్, అదీ పోయింది. శనివారం రాత్రి టెన్షన్ మొదలవుతుంది, పోయినదంతా కలిపి ఆదివారం పరుగెత్తేద్దామని. దయచేసి ఆ పని చేయకండి. పోయిన పరుగు అప్పు కాదు, వడ్డీతో తీర్చనక్కర్లేదు. ఒకటి రెండు పోతే ప్లాన్‌లో ఆ రోజు ఏముందో అదే చేయండి. వారం మొత్తం పోతే అంతకు ముందు వారం చేసినదాన్నే మళ్ళీ చేయండి. రెండు వారాలు పోతే ప్లాన్‌లో రెండు వారాలు వెనక్కి వెళ్ళండి. జ్వరం మీకే వస్తే, తగ్గాక ఒక రోజు పూర్తిగా ఆగి, మొదటి పరుగు సగమే చేయండి. బిడ్డ లేపిన రాత్రి మీకు నాలుగు గంటల నిద్రే దొరికితే పొద్దున నడక చాలు.

కాలి నొప్పి గురించి ఒక మాట. ఎముక పొడవునా సలుపు ఉంటే రెండు మూడు రోజులు ఆగి చూడొచ్చు. వేలితో నొక్కితే ఒక్క చోటే గట్టిగా నొప్పి పుడుతున్నా, రాత్రి పడుకున్నా నొప్పి పోకపోయినా పరుగు ఆపి డాక్టర్‌కి చూపించండి. ఎముకలో సన్నటి పగులు అలాగే మొదలవుతుంది.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. మన బెంగళూరులో 2008లో మొదలైన వరల్డ్ టెన్ కే అనే పది కిలోమీటర్ల రేసు 2024లోనూ 2025లోనూ ఏప్రిల్ ఆఖరి ఆదివారం జరిగింది. బెంగళూరులో అన్నిటికంటే వేడి నెల అదే. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్నాం కాబట్టి తెల్లవారుజాము చల్లగానే ఉంటుంది గానీ ఎండ ఎక్కితే అదే వేగం బరువవుతుంది. అప్పుడు వాచీ చూడకండి, ఎక్కం మాట వినండి. ఎండలో రెండు మెట్లు చెప్పగలిగే వేగం ఇంకా తక్కువే ఉంటుంది, ఉండాలి కూడా.

ఈ వారం మంగళ, గురువారాలు అరగంట చొప్పున, రెండూ ఎక్కం వేగంలోనే. పోయిన ఆదివారం ఐదు కిలోమీటర్లు చేసినవాళ్ళు ఈసారి ఆరు చేయండి, అంతకు మించి పెంచొద్దు. ఒక్కో కిలోమీటరు చివర ఒకసారి ఎక్కం చెప్పి, ఎక్కడ మాట తెగిందో గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చాక రాసుకోండి. ఎత్తులు ఎలా ఎక్కాలో చెప్పే నాలుగో పాఠంలో ఆ కాగితం కావాలి. పిల్లలు మీతో వస్తామంటే శనివారం రాత్రే సైకిల్ చక్రాల్లో గాలి చూసి పెట్టండి.