ఎండలకు కోళ్లు రొప్పుతుంటే ఉసిరి పొడి: నా అనుభవం

రోహిణి కార్తెలో మా పెరటి కోళ్లు రెక్కలు విడదీసి, నోరు తెరిచి రొప్పేవి. మేత ముట్టేవి కావు, గుడ్ల పెంకూ పలచబడింది. ఫ్యాను, తడి గోనెలు, బెల్లం నీళ్లు... ఏవీ నిలకడగా పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. గింజ తీసిన ఉసిరి ముక్కల్ని నీడలోనే ఎండబెట్టి (ఎండలో పెడితే సి విటమిన్ ఎక్కువ పోతుంది) దంచి జల్లించాను. కిలో దాణాకు 5 గ్రాములు. ముందు గుప్పెడు దాణాలో కలిపి, ఆ తర్వాతే మొత్తంలో కలపాలి, లేదంటే పొడంతా తొట్టి అడుగుకు చేరుతుంది. తెల్లవారుజామున, మళ్లీ పొద్దువాలాక మాత్రమే పెట్టాను. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి మధ్యాహ్నం తొట్టి ఖాళీ. చల్లటి నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉంచాను.

రొప్పు బాగా తగ్గింది. పెంకు అంత తొందరగా గట్టిపడలేదు. గుణం ఉసిరిదా, వేళ మార్చడానిదా? రెండూ కలిపే చేశాను, విడదీసి చెప్పలేను. ఫారం బ్రాయిలర్లకైతే పశువైద్యుణ్ణి అడిగే వేయండి.