పిల్లల చదువుకు ఇంటి నుంచి అందవలసిన తోడ్పాటు

పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్ర అనగానే పాఠం మళ్లీ చెప్పడమో, హోంవర్క్ దగ్గరుండి పూర్తి చేయించడమో అని చాలామంది అనుకుంటారు. పాఠం చెప్పడం ఉపాధ్యాయుల పని. విన్నది పిల్లల మనసులో నిలిచేలా చూడడం, అందుకు కావలసిన నిద్రను, సమయాన్ని, ప్రశాంతతను సమకూర్చడం ఇంటి పని. దీనికి పెద్ద చదువులు అక్కరలేదు.

బడి నుంచి వచ్చిన పిల్లలను "ఈ రోజు ఏం చెప్పారు?" అని అడిగితే సాధారణంగా "ఏమీ లేదు" అన్న జవాబే వస్తుంది. అలా అడగడానికి బదులు, పుస్తకం మూసి, ఆ రోజు విన్న పాఠాల్లో ఒకదాన్ని సొంత మాటల్లో చెప్పమనండి. చదివినదాన్నే పదేపదే చదవడం కంటే, చూడకుండా గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించినప్పుడే అది ఎక్కువ కాలం జ్ఞాపకం ఉంటుందని రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. అదే పాఠాన్ని రెండు రోజులాగి ఒకసారి, వారం తర్వాత మరోసారి, ఐదేసి నిమిషాలు అడిగితే చాలు. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టించడం కంటే ఇది తేలిక. ఇంట్లో కేకలూ తగ్గుతాయి.

తప్పు కనబడగానే సరైన జవాబు చెప్పేయకండి. 52లోంచి 27 తీసివేయమంటే 35 అని రాసిన పాపను "ఎలా చేశావో చెప్పమ్మా" అని అడిగి చూడండి. "ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు" అంటుంది. పాపకు తీసివేత వచ్చు. పై అంకె చిన్నదైనప్పుడు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలన్న ఒక్క సంగతి మాత్రం పట్టుబడలేదు. "శ్రద్ధ లేదు" అని కసిరి ఉంటే ఈ విషయం బయటపడేదే కాదు, రేపు అదే తప్పు మళ్లీ చేసేది.

మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. తెలివితేటలకు పొగడ్త అందుకున్న పిల్లలు, కృషికి మెచ్చుకోలు పొందిన పిల్లల కంటే, కష్టమైన ప్రశ్నలు ఎదురై విఫలమైనప్పుడు త్వరగా ఉత్సాహం కోల్పోయారని ముల్లర్, డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన అధ్యయనాల్లో గమనించారు. అలాగని ఊరికే "బాగా కష్టపడ్డావు" అన్నా పిల్లలు నమ్మరు. "జవాబు రాకపోయినా వదిలేయకుండా బొమ్మ గీసి చూశావు" అని చేసిన పనిని చూపించి చెప్పాలి.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర అవసరమని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంస్థ 2016లో సూచించింది. నిద్ర మానిపించి చదివించడం వల్ల నష్టమే ఎక్కువ. రాత్రిపూట ఫోన్ పడకగది బయట ఉండాలి, పెద్దలదైనా సరే.

ఉపాధ్యాయులను మార్కులు తగ్గాక కాకుండా, సంవత్సరం మొదట్లోనే కలవండి. "మా వాడు ఎలా చదువుతున్నాడు?" అంటే "పర్వాలేదండీ" అనే అంటారు, "ఏ విషయం దగ్గర ఆగిపోతున్నాడు? తరగతిలో ప్రశ్నలు అడుగుతాడా?" అంటే పనికొచ్చే సమాచారం దొరుకుతుంది. నల్లబల్ల మీద రాసింది తరచూ తప్పుగా ఎక్కించుకుంటున్నాడని వారు చెబితే, ట్యూషన్ గురించి ఆలోచించే ముందు కంటి పరీక్ష చేయించండి.