ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు లోగో మార్చాలనుకుంటే

మాది తెనాలి. నాన్న ముప్పై ఏళ్లు సైన్‌బోర్డులు రాశారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది కానీ, అక్షరాన్ని ఎలా చూడాలో నాకు నేర్పింది ఆయనే. ఇప్పుడు నేను ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు ఒక తెలుగు నిఘంటువు యాప్‌కి డిజైన్ పని చేస్తాను. పదిమంది వాలంటీర్లం కలిసి నడిపే చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. మూడేళ్ల క్రితం దాని లోగో మార్చే పని తీసుకున్నాను. మొదటిసారి చెడింది, రెండోసారి కుదిరింది.

మొదటిసారి ఏం చేశానంటే, ఒక ఆదివారం కూర్చుని మూడు బొమ్మలు గీసి గ్రూపులో పెట్టి, "ఏది బాగుంది?" అని అడిగాను. గంటలో అరవై మెసేజ్‌లు వచ్చాయి. ఒకరికి ఆకుపచ్చ నచ్చలేదు, ఇంకొకరికి అక్షరం నచ్చలేదు. పాత లోగో తాటాకు మీద గంటం (తాటాకుల మీద రాసే ఇనుప కలం) బొమ్మ. దాన్ని గీసిన మాస్టారు మాత్రం ఒక్క మాటా అనలేదు. నెల తిరిగేసరికి ఆయన రావడం మానేశారు. బొమ్మలు పెట్టే ముందు ఆయనకు ఫోన్ చేసి ఉండాల్సింది.

అందుకే మొదటి పని పెన్సిల్ పట్టుకోవడం కాదు. పాత లోగో గీసినవాళ్లతో మాట్లాడండి. తర్వాత, దానితో వస్తున్న ఇబ్బందులను ఒక పేజీలో రాయండి. "పాతబడింది", "మోడ్రన్‌గా లేదు" లాంటి మాటలు రాయకండి, వాటి మీద వాదన ఎప్పటికీ తెగదు. ఫెడోరా లినక్స్ (కంప్యూటర్లకు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్లు 2018లో ఈ పని మొదలుపెట్టినప్పుడు ఎలా రాశారో చూడండి. వాళ్ల పాత లోగోను ఒకే రంగులో అచ్చు వేయడం కష్టం. ముదురు రంగు మీద సరిగా కనిపించదు. పేరులో చివరనున్న ఇంగ్లిష్ 'ఎ' అక్షరం 'ఓ' లాగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న బుడగ ఆకారం వల్ల మధ్యకు సర్దడం ఇబ్బంది. వాడిన ఫాంట్ స్వేచ్ఛా లైసెన్సుది (ఎవరైనా వాడుకుని, మార్చుకోగలిగేది) కాదు. ఇవన్నీ ఎవరైనా పరీక్షించి చూడగల విషయాలు, నచ్చడం నచ్చకపోవడంతో పనిలేదు. కొత్త లోగో ఫెడోరా 34తో 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అందులోనూ పాత 'ఎఫ్' అక్షరం, అనంత చిహ్నం అలాగే ఉన్నాయి. ఇబ్బంది పెట్టినవే మారాయి.

మా పేజీలో నాలుగే వాక్యాలు తేలాయి. గంటం గీత ఫోన్‌లో కనిపించడం లేదు. డార్క్ మోడ్‌లో గోధుమ రంగు కలిసిపోతోంది. మా దగ్గరున్న అసలు ఫైలు 200 పిక్సెళ్ల పీఎన్‌జీ (పెద్దది చేస్తే మసకబారే చిత్రం) మాత్రమే. బొమ్మ ఏ లైసెన్సు కింద ఉందో ఎక్కడా రాసిలేదు.

రెండో పని, తుది నిర్ణయం ఎవరిదో బొమ్మలు బయటపెట్టక ముందే తేల్చుకోవడం. ఓటింగ్ పెడితే సరిపోతుంది కదా అంటారు చాలామంది. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నకు ఓటు బాగా పనిచేస్తుంది. ఒరాకిల్ కంపెనీతో పేరు హక్కుల దగ్గర తేడా వచ్చినప్పుడు, ప్రోగ్రామర్లు వాడే హడ్సన్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్లు 2011 జనవరిలో పేరును జెంకిన్స్‌గా మార్చడం మీద ఓటింగ్ పెట్టారు. 214 మంది సరేనన్నారు, 14 మంది వద్దన్నారు. అక్కడితో విషయం తేలిపోయింది. కానీ ఐదు బొమ్మల్లో ఒకటి ఎంచుకోమంటే ఓట్లు చీలి, ఎక్కువమందికి నచ్చనిదే గెలవచ్చు. నా పద్ధతి ఇది: మార్చాలా వద్దా అన్నదానికి అందరి ఓటు, ఏ బొమ్మ అన్నదానికి ముగ్గురి నిర్ణయం, ఆ ముగ్గురు ఎవరన్నది మళ్లీ అందరి ఓటు.

ఆ మొదటి ఓటులో "పాతదే ఉంచుదాం" అనే ఎంపిక తప్పకుండా ఉండాలి. 2020లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ తన పేరు మార్చుకునే ఆలోచనతో సర్వే పెట్టినప్పుడు, ఇచ్చిన ఎంపికలన్నిటిలోనూ వికీపీడియా అనే పేరే ఉంది. ఉన్నది ఉన్నట్టు ఉంచమని చెప్పే దారి లేదు. వాలంటీర్లు బహిరంగ లేఖ రాశారు, చివరికి ఆ పని ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఉచితంగా పనిచేసినవాళ్లకు వద్దు అనే అవకాశమే ఇవ్వకపోతే వాళ్లు నొచ్చుకోరా?

పేరు కూడా మారుస్తున్నట్లయితే ట్రేడ్‌మార్క్ వెతుకులాట (ఆ పేరు మీద ఇప్పటికే ఎవరికైనా హక్కు ఉందేమో చూడటం) ముందే చేయండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ మొదటి పేరు ఫీనిక్స్. ఆ పేరుతో వేరే కంపెనీ ఉండటంతో 2003లో ఫైర్‌బర్డ్ అన్నారు. ఆ పేరుతో అప్పటికే ఒక డేటాబేస్ ప్రాజెక్టు ఉంది. 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ దగ్గర స్థిరపడ్డారు. పేరు ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి. నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను పరిశీలించే ఇథీరియల్ అనే సాఫ్ట్‌వేర్ సృష్టికర్త 2006లో ఉద్యోగం మారినప్పుడు ఆ పేరు మీది హక్కు ఆయన పాత కంపెనీ దగ్గరే ఉండిపోయింది. కోడ్ తీసుకెళ్లగలిగారు కానీ పేరు తీసుకెళ్లలేకపోయారు. వైర్‌షార్క్ అనే పేరు అలా వచ్చిందే.

ఇక గీయడం. నా మొదటి బొమ్మలు చూపించినప్పుడు నాన్న అన్న మాట: "ముందు నలుపులో గీసి చూపించమ్మా. నలుపులో నిలబడని బొమ్మకి ఎన్ని రంగులేసినా నిలబడదు." ఆయన రబ్బరు స్టాంపులు కూడా చేయించేవారు. స్టాంపులో లేత రంగూ ముదురు రంగూ ఉండవు, ఉన్నది సిరా, లేనిది కాగితం. రెండోసారి నేను రంగు అసలు ముట్టుకోకుండా రెండు వారాలు నలుపులోనే గీశాను. గ్రూపులోనూ నలుపువే చూపించాను, ఆకుపచ్చ గొడవ రాలేదు.

తర్వాత బొమ్మను 16 పిక్సెళ్లకు కుదించి చూడండి. బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించేది అంతే. తెలుగు అక్షరాన్ని లోగోగా పెడదామనుకునేవాళ్లు ఈ పరీక్షలోనే ఎక్కువగా దెబ్బతింటారు. మావాళ్లలో ఒకరు 'క్ష' పెడదామన్నారు. కాగితం మీద ఎంతో అందంగా ఉంది. 16 పిక్సెళ్లలో కింది వత్తు చుక్కయిపోయింది. 'ఱ' ప్రయత్నిస్తే లోపలి గీతలు అతుక్కుపోయాయి. చివరికి అక్షరం వదిలేసి తాటాకు దగ్గరికే తిరిగొచ్చాం. గంటం తీసేసి, ఆకు, మధ్యలో దారం దూర్చే చిల్లు, రెండు లావు గీతలు ఉంచాం. పాత వాడుకరులు చూడగానే గుర్తుపట్టారు.

ఆండ్రాయిడ్ ఐకాన్‌కి 108 డీపీ (ఆండ్రాయిడ్ తెర మీది కొలత) చదరం ఇవ్వాలి, కానీ ఫోన్‌ని బట్టి అంచులు తెగిపోతాయి. ముఖ్యమైనదంతా మధ్యలో 66 డీపీ లోపల సర్దండి.

లోగో పక్కన పేరు తెలుగులో రాస్తారు కదా, దాని ఫాంట్ లైసెన్సు చూడండి. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లు అలవాటు, కానీ అవి డబ్బిచ్చి కొనేవి, యూనికోడ్‌వి (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే పద్ధతివి) కావు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎస్‌వీజీ (ఎంత పెంచినా చెడని బొమ్మ ఫైలు) ఇచ్చే ముందు ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను పాత్‌గా, అంటే గీతల ఆకారాలుగా మార్చండి. లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పేరు ఇంకేదో రూపంలో కనిపిస్తుంది. అక్షరాలు అక్షరాలుగానే ఉన్న ఫైలును కూడా విడిగా దాచండి, రేపు ఎవరైనా దిద్దాలంటే అదే కావాలి.

లైసెన్సు సంగతి ఇంకొక్క మాట. డెబియన్ (ఫెడోరా లాంటిదే ఇంకో లినక్స్) వాళ్లు ఫైర్‌ఫాక్స్ లోగో స్వేచ్ఛా లైసెన్సులో లేదని దాన్ని వాడలేదు. లోగో లేకుండా పేరు వాడకూడదని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా అంది. ఫలితంగా 2006 నుంచి 2016 దాకా డెబియన్‌లో ఆ బ్రౌజర్ ఐస్‌వీజిల్ అనే పేరుతో ఉంది. మీ లోగో ఫోల్డర్‌లో చిన్న ఫైలు పెట్టి, బొమ్మ లైసెన్సు ఏది, పేరును ఎవరు ఎలా వాడుకోవచ్చు అన్నవి రెండూ విడివిడిగా రాయండి.

విడుదల రోజున యాప్, వెబ్‌సైటు, రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైలు), స్టిక్కర్ ఫైళ్లు అన్నీ కలిపి మార్చండి. పేరు మారినా ప్లే స్టోర్‌లోని అప్లికేషన్ ఐడీ మాత్రం కదిలించకండి, అది మారితే కొత్త యాప్ కిందే లెక్క, పాతవాళ్లకు అప్‌డేట్ అందదు.

పాత లోగోను తొలగించకండి. మేము ఒక ఫోల్డర్‌లో పెట్టి, గీసిన తేదీ, మాస్టారి పేరు రాశాం. ఈసారి ముందే ఆయనకు ఫోన్ చేశాను. రెండు రోజులాగి, మొదట కాగితం మీద గీసుకున్న స్కెచ్‌ను ఫొటో తీసి పంపారు. అందులో ఆకుకి చిల్లు ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అది పోయిందట. కొత్త లోగోలో మేం పెట్టిన చిల్లు అక్కడిదే.