వ్యూవీసీకి యాక్టివ్ డైరెక్టరీ లాగిన్ కలిపాక 500 ఎర్రర్: సమస్య - పరిష్కారం

సబ్‌వర్షన్ (ఫైళ్లలో జరిగిన మార్పుల చరిత్రను దాచే వ్యవస్థ) రిపాజిటరీలను బ్రౌజర్‌లో చూపే వ్యూవీసీని అపాచీ వెబ్ సర్వర్ కింద నడుపుతున్నప్పుడు, పాస్‌వర్డును సరిచూసేది వ్యూవీసీ కాదు. ఆ పని అపాచీ ముగించి, లాగిన్ అయినవారి పేరును మాత్రం దానికి అందిస్తుంది. కాబట్టి లాగిన్ దగ్గరే ఆగిపోతే వ్యూవీసీ కాన్ఫిగరేషన్‌ను తిరగేసి లాభం లేదు, ముందుగా అపాచీ ఎర్రర్ లాగ్ తెరవాలి. ఈ ఒక్కటీ చేయకుండా పూటంతా సెట్టింగులు మార్చేవారిని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

పాస్‌వర్డ్ పెట్టె మళ్లీ మళ్లీ వస్తుంటే

లాగ్‌లో ‘యూజర్ నాట్ ఫౌండ్’ అని ఉంటే, ఎల్‌డ్యాప్ (డైరెక్టరీలో వెతికేందుకు వాడే ప్రొటోకాల్) యూఆర్ఎల్‌లో అట్రిబ్యూట్ పేరు, అంటే ఏ ఫీల్డులో వెతకాలో, ఇవ్వలేదేమో చూడండి. ఇవ్వకపోతే అపాచీ ‘యూఐడీ’తో వెతుకుతుంది, యాక్టివ్ డైరెక్టరీలో (యూజర్ అకౌంట్లు ఉండే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ) లాగిన్ పేరు ఉండేదేమో ‘సామ్ అకౌంట్ నేమ్’లో.

500 ఎర్రర్, లాగ్‌లో ‘ఆపరేషన్స్ ఎర్రర్’

పాస్‌వర్డ్ తప్పయితే 401 (లాగిన్ నిరాకరణ) రావాలి. 500 వచ్చిందంటే డైరెక్టరీలో వెతకడమే మధ్యలో విఫలమైందని అర్థం. కొన్నిచోట్ల పేజీ చాలాసేపు తిరిగి తిరిగి ఆ తర్వాత విఫలమవుతుంది. ఇక్కడ అందరూ మోసపోయేది డైరెక్టరీలో నేరుగా వెతికి చూసే ఎల్‌డ్యాప్‌సెర్చ్ కమాండ్ దగ్గర: అదే సర్వర్ నుంచి, అదే బైండ్ అకౌంటుతో (డైరెక్టరీలోకి లాగిన్ అయ్యే అకౌంటు), అదే బేస్ డీఎన్‌తో (వెతుకులాట మొదలయ్యే చోటు) నడిపితే యూజర్ వివరాలు చక్కగా వస్తాయి కనుక, డైరెక్టరీ వైపు దోషం లేదని తీర్మానించేస్తారు. ఆ అవుట్‌పుట్‌ను చివరిదాకా చదవాలి. బేస్ డీఎన్‌గా డొమైన్ మూలాన్నే ఇచ్చి ఉంటే, యూజర్ వివరాల కింద ‘ఫారెస్ట్‌డీఎన్ఎస్‌జోన్స్’, ‘డొమైన్‌డీఎన్ఎస్‌జోన్స్’, ‘కాన్ఫిగరేషన్’ అనే పేర్లతో ‘రెఫ్’ వరుసలు కనిపిస్తాయి. ఇవి రెఫరల్స్, అంటే మిగతా సమాచారం కోసం ఫలానా చోట అడగమని డైరెక్టరీ చెప్పే మాట. ఎల్‌డ్యాప్‌సెర్చ్ వాటిని అచ్చువేసి ఊరుకుంటుంది, అపాచీ మాత్రం డిఫాల్టుగా వాటి వెంట వెళ్తుంది. వెళ్లిన చోట సర్వర్ పేరు డీఎన్ఎస్‌లో దొరకకపోయినా, కొత్త కనెక్షన్ మీద బైండ్ కుదరకపోయినా, అప్పటికే దొరికిన యూజర్‌ను కూడా వదిలేసి మొత్తం లాగిన్‌నే విఫలం చేస్తుంది.

పరిష్కారం ఒక్క వరుస: మిగతా ఎల్‌డ్యాప్ డైరెక్టివ్‌లు ఉన్న బ్లాకులోనే ‘ఎల్‌డ్యాప్‌రెఫరల్స్’ను ‘ఆఫ్’ చేసి అపాచీని రీలోడ్ చేయండి. యూజర్లందరూ ఒకే ఓయూ (డైరెక్టరీలోని ఒక విభాగం) కింద ఉంటే బేస్ డీఎన్‌ను అక్కడికే కుదించడం మరీ మంచిది, వెతుకులాటా తగ్గుతుంది. మామూలు ఎల్‌డ్యాప్ పోర్టు 389 బదులు గ్లోబల్ క్యాటలాగ్ (అన్ని డొమైన్ల సమాచారానికి కుదించిన సూచిక) పోర్టు 3268 వాడమని కొందరు సలహా ఇస్తారు. అదీ పనిచేస్తుంది కానీ, యూనివర్సల్ కాని గ్రూపులలో ఇతర డొమైన్లవాటి సభ్యుల జాబితా అక్కడ ఉండదు కనుక, గ్రూపుల ఆధారంగా అనుమతులు ఇచ్చేవారు దాని జోలికి పోకపోవడమే మేలు.

లాగిన్ అయింది, రిపాజిటరీలు కనిపించడం లేదు

యాక్టివ్ డైరెక్టరీకి పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టదు, సబ్‌వర్షన్ అనుమతుల ఫైలుకు పడుతుంది. వ్యూవీసీలో ‘ఫోర్స్ యూజర్‌నేమ్ కేస్’ను ‘లోయర్’ చేసి, అనుమతుల ఫైలులో పేర్లన్నీ చిన్నబడిలోనే రాయండి.

‘కాంట్ కాంటాక్ట్ ఎల్‌డ్యాప్ సర్వర్’

636 పోర్టు (ఎన్‌క్రిప్ట్ అయిన ఎల్‌డ్యాప్) వాడుతుంటే సీఏ సర్టిఫికెట్‌ను (సర్వర్ సర్టిఫికెట్‌ను జారీచేసిన సంస్థది), రెడ్‌హ్యాట్ తరహా సర్వరైతే ఎస్ఈలినక్స్ అనే లినక్స్ భద్రతా వ్యవస్థలో అపాచీకి ఎల్‌డ్యాప్ కనెక్షన్ అనుమతి ఉందో లేదో చూస్తే చాలు.